లోపలికెళ్లింది బయటికి రాదంటారే, మరి ఆ మోత యాడిది?

మారతహళ్లి_నాన్న · ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మామూలుగా ఇక్కడ చదివి పోతుంటా, రాయను. ఈరోజు మా పాప దెబ్బకు రాయాల్సొచ్చింది.

ఎనిమిదో తరగతి. పొద్దున చౌడయ్య రోడ్డులో ఉండే నెహ్రూ ప్లానిటోరియంకు పిల్చుకపోయినా. తిరుగు బస్సులో, దొమ్మలూరు దాటినాక ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు అడిగింది: "నాన్నా, బ్లాక్ హోల్‌లోకి పోయింది ఏదీ బయటికి రాదు, వెలుగు కూడా రాదంటారు. 2015లో రెండు బ్లాక్ హోల్స్ కలిసిపోయి గంట మాదిరి మోగినాయి, భూమ్మీద మిషన్లకు వినపడింది అని కూడా వాళ్లే అంటారు. లోపల్నుంచి ఏదీ రాకపోతే ఆ మోత యాడ్నుంచి వచ్చింది?"

నేను చేసేది డేటాబేసుల పని. "ఇంటికి పోయినాక చెప్తా" అన్నా. ఇంటికొచ్చి రెండు గంటలైంది. ఆ పిల్ల మర్చిపోలేదు. గూగుల్ కొడితే అన్నీ సమీకరణాలే. ఎవరన్నా మనుషుల భాషలో చెప్పండి.

చెన్నపట్నం_చినబాబు · ఆదివారం, రాత్రి 9:31

సింపుల్ అన్నా. మామూలప్పుడు బ్లాక్ హోల్ మూతేసినట్టు ఉంటది. రెండూ గుద్దుకున్నప్పుడు ఆ దెబ్బకి మూత కాసేపు లేస్తది. ఆ సందులోంచి 3 సూర్యుళ్లంత శక్తి బయటికొచ్చేసింది. 36, 29 సూర్యుళ్ల బరువులు కలిస్తే 65 రావాల, 62యే మిగిలింది కదా. ఆ పోయిన 3 లోపల్నుంచి వచ్చిందే.

నిమ్మకాయ_సోడా · ఆదివారం, రాత్రి 9:40

మూత లేస్తే ఆవిరి కూడా వచ్చిందా బ్రో. ప్రెషర్ కుక్కరా అది?

పాతలెక్కల_మాస్టారు · ఆదివారం, రాత్రి 10:25

చినబాబూ, కూడిక తీసివేత సరిగ్గానే చేశావు నాయనా. మూతే తప్పు. మూత అన్నావంటే అక్కడ ఒక గిన్నె, దానికో అంచు, అంచు మీద ఒక వస్తువు ఉన్నట్టు. బ్లాక్ హోల్‌కు ఉండేది హోరైజన్, అది అలాంటి వస్తువు కాదు. అది స్థలంలో ఒక హద్దు. ఆ హద్దు లోపల నుంచి ఏ దిక్కుకు బయలుదేరినా దారి ఇంకా లోపలికే పోతుంది. 1958లో ఫింకెల్‌స్టయిన్ దీన్ని ఒకవైపు మాత్రమే దాటనిచ్చే పొరగా వర్ణించాడు. గుద్దుకున్నంత మాత్రాన ఆ పొర దిశ మార్చుకోదు.

ఆ 3 సూర్యుళ్ల శక్తి లోపలి సరుకు కాదు. రెండు బిలాలూ (బ్లాక్ హోల్స్) ఒకదాని చుట్టూ ఒకటి కాంతి వేగంలో సగానికి పైబడి తిరుగుతున్నాయి. ఆ తిరుగుడు శక్తి, చుట్టూ వంగి ఉన్న దేశకాలంలో (స్థలం, కాలం కలిసిన అల్లికలో) ఉన్న శక్తి, ఇవన్నీ హోరైజన్‌లకు బయట ఉన్నవే. దూరం నుంచి తూకం వేస్తే ఇవి కూడా బరువులోకే వస్తాయి. గురుత్వ తరంగాలుగా, అంటే దేశకాలంలో లేచే అలలుగా వెళ్లిపోయింది ఈ బయటి ఖాతాలోది.

నమ్మకం కుదరకపోతే కాగితం తీసుకోండి. సూర్యుడంత బరువున్న బిలానికి వ్యాసార్ధం సుమారు 3 కిలోమీటర్లు, హోరైజన్ విస్తీర్ణం సుమారు 110 చదరపు కిలోమీటర్లు. బరువు రెట్టింపైతే విస్తీర్ణం నాలుగింతలు, అంటే వర్గంతో పెరుగుతుంది. 2025 జనవరి 14న లైగో (అమెరికాలో గురుత్వ తరంగాలను పట్టే యంత్రాలు) అప్పటిదాకా విన్నవాటిలోకెల్లా స్పష్టమైన విలీనం ఒకటి నమోదు చేసింది. ఒకటి దాదాపు 34 సూర్యుళ్ల బరువు, రెండోది 32, చివరికి మిగిలింది 63. ఇక్కడా 3 తగ్గింది. 34 వర్గం 1,156, 32 వర్గం 1,024, మొత్తం 2,180. 110తో గుణిస్తే దాదాపు 2,40,000 చదరపు కిలోమీటర్లు, అంటే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కంటే కొంచెం తక్కువ. విలీనం తర్వాత కొలిచిన విస్తీర్ణం సుమారు 4,00,000. రెండు తెలుగు రాష్ట్రాలకూ తమిళనాడును కలుపుకున్నంత.

బరువు తగ్గింది, హోరైజన్ మాత్రం పెరిగింది. మొత్తం విస్తీర్ణం ఎప్పుడూ తగ్గదని హాకింగ్ 1971లోనే చెప్పాడు. మూత లేచి లోపలిది పోయి ఉంటే ఇది తగ్గాలి కదా.

చెన్నపట్నం_చినబాబు · ఆదివారం, రాత్రి 10:41

మూత వెనక్కి తీసుకుంటున్నా మాస్టారూ 🙏 కానీ ఇంకో డౌటుంది, రేపు రాస్తా. పొద్దున్నే గిండీలో షిఫ్టు.

మారతహళ్లి_నాన్న · ఆదివారం, రాత్రి 10:50

మాస్టారూ, చాలా థాంక్స్. పాపకు చదివి వినిపించినా. శక్తి బయటి ఖాతాలోది అనేది అర్థమైందంట. "కానీ మోగింది ఏంది? గంట అయితే కంచు మోగుతుంది. ఇక్కడ కంచు యాడుంది?" అంటోంది. పడుకోమని చెప్పినా.

తరంగిణి · సోమవారం, ఉదయం 7:05

ఇది నేను రోజూ గుద్దుకునే గోడ కాబట్టి రాయకుండా ఉండలేను. పీహెచ్‌డీ మూడో ఏడు, బెంగళూరులోనే. ఏ సంస్థో అడక్కండి, మా గైడు కూడా తెలుగువారే, ఇక్కడ దొరికిపోతాను.

పాప వెళ్లొచ్చిన ఆ ప్లానిటోరియానికి మొట్టమొదటి డైరెక్టరు సి. వి. విశ్వేశ్వర గారు. ఈ ఊళ్లోనే 1938లో పుట్టారు. బ్లాక్ హోల్ మోగుతుందని ప్రపంచానికి మొదట చూపించింది ఆయనే. పాప ఆ ప్రశ్న అడగడానికి అంతకంటే సరైన చోటు లేదు!

అప్పట్లో ఆయన అమెరికాలో మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో మిస్నర్ దగ్గర చదువుకున్నారు. "బ్లాక్ హోల్" అనే మాటకు ఇంకా ప్రచారమే రాలేదు, 1968లో అచ్చయిన ఆయన పేపరు శీర్షికలో "ష్వార్జ్‌షీల్డ్ ఉపరితలం" అనే ఉంటుంది. మొదటి ప్రశ్న: దీన్ని కొంచెం కదిలిస్తే నిలబడుతుందా, చెదిరిపోతుందా? నిలబడుతుందని లెక్కలో తేలింది. రెండో ప్రశ్న: వెలుగే రాని దాన్ని ఉందని ఎలా పసిగట్టాలి? చీకట్లో గోడ ఉందో లేదో తెలియాలంటే గులకరాయి విసురుతాం కదా. ఆయన గురుత్వ తరంగాల పొట్లాలు విసిరారు, కంప్యూటరు లెక్కలో. బిలం కంటే బాగా వెడల్పైన పొట్లం విసిరితే విశేషమేమీ లేదు. పొట్లాన్ని సన్నబరుస్తూ పోతే, ఒక దగ్గర తిరిగొచ్చే తరంగం ఆకారం మారిపోయింది. ఊగుతూ, ఊగుతూ, గబగబా చచ్చిపోయే ఒక తోక. పొట్లం ఎలాంటిదైనా తోక మాత్రం అదే. బిలం బరువు ఎంతో దాన్ని బట్టే ఆ ఊపు. 1970లో నేచర్ పత్రికలో వచ్చింది. చిన్న పేపరు, అరగంటలో చదివేయొచ్చు. అర్థం చేసుకోవడానికి నాకు ఒక సెమిస్టరు పట్టింది, అది వేరే సంగతి.

ఇప్పుడు కంచు సంగతి. మోగేది హోరైజన్ కాదు. హోరైజన్‌కు బయట, దాని వ్యాసార్ధానికి ఒకటిన్నర రెట్ల దూరంలో, కాంతి సైతం గుండ్రంగా తిరగగల వలయం ఒకటి ఉంటుంది. అక్కడ తిరగడం కుదురుతుంది గానీ నిలకడ ఉండదు. పొలం గట్టు మీద నీళ్లు పోసినట్టు. గట్టు మీద కాసేపు పారుతుంది, తర్వాత కొంత అవతలి మడిలోకి, కొంత ఇవతలి మడిలోకి జారిపోతుంది. అవతలి మడి బిలం, ఇవతలిది మనం. గట్టు చుట్టూ తిరుగుతూ ఇవతలికి జారినదే మనం విన్న మోత. అది లోపలికి వెళ్లి తిరిగి వచ్చింది కానే కాదు, అసలు లోపలికి వెళ్లలేదు.

దీనికి చిన్న పరీక్ష. 10 సూర్యుళ్ల బరువున్న, తిరగని బిలం తీసుకోండి. ఆ వలయంలో కాంతి ఒక చుట్టు తిరగడానికి, దూరం నుంచి చూసేవాళ్ల గడియారంలో, సుమారు 1.6 మిల్లీసెకన్లు. అంటే సెకనుకు 620 చుట్లు. గురుత్వ తరంగానికి చుట్టూ రెండు మిట్టలు రెండు పల్లాలు ఉంటాయి కాబట్టి రెట్టింపు చేస్తే 1,240. ఖచ్చితమైన లెక్కతో వచ్చే స్వరం 1,200 హెర్ట్జ్ చిల్లర. వేళ్ల మీద లెక్క ఇంత దగ్గరికి రావడం నాకిప్పటికీ ముచ్చటేస్తుంది.

పాతలెక్కల_మాస్టారు · సోమవారం, ఉదయం 8:20

అమ్మా తరంగిణీ, చాలా బాగా చెప్పావు. బెంగళూరు వాళ్లే మొత్తం కొట్టేయకుండా చెన్నపట్నం వాటా కూడా రాయనీ. మెరీనా ఎదుటి ప్రెసిడెన్సీ కాలేజీలో చదువుకున్న చంద్రశేఖర్, డెట్‌వైలర్‌తో కలిసి 1975లో ఈ స్వరాలను వరసబెట్టి లెక్కగట్టాడు. నేనూ ఆ కాలేజీ మెట్లెక్కినవాడినే. మా రోజుల్లో ఆయన పేరు చెప్పి మమ్మల్ని తిట్టేవారు.

కొత్తావకాయ · సోమవారం, మధ్యాహ్నం 2:15

నాకు ఫిజిక్సు రాదండీ, ఇంటరులో వదిలేశాను. కానీ గంట అన్నారు కదా అని వంటింట్లో ప్రయత్నం చేశాను. కిల్పాక్‌లో మధ్యాహ్నం పూట కరెంటు పోతే ఇంకేం పని.

ఖాళీ స్టీలు బిందె గచ్చు మీద పెట్టి చెంచాతో అంచు మీద కొట్టాను. ఖంగుమంది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టే దాకా వినపడుతూనే ఉంది, చెవి దగ్గర పెడితే ఇంకాసేపు. తర్వాత అందులో మెడ దాకా బియ్యం పోసి అదే చెంచా, అదే చోట కొట్టాను. ఠప్. అంతే. ఫోన్లో రికార్డు చేసి గీతలు చూస్తే, ఖాళీ బిందెకి పొడుగాటి చేప తోకలా వచ్చింది. బియ్యం బిందెకి ఒకటి రెండు ముళ్లు లేచి పడిపోయాయి.

మీ బ్లాక్ హోల్ ఏ రకం బిందె?

తరంగిణి · సోమవారం, సాయంత్రం 6:48

ఆంటీ, మీ ప్రయోగం మా సెమినార్‌లో చూపిస్తా, మీ పేరుతోనే.

బియ్యం బిందే. 2015 సెప్టెంబరు 14 నాటి విలీనంలో చివరి మోత 250 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంది, అంటే ఒక ఊపుకు 4 మిల్లీసెకన్లు. మోత తగ్గిపోయే కాలమూ 4 మిల్లీసెకన్లే. ఒక్క ఊపు పూర్తయ్యేసరికి ఎత్తు దాదాపు మూడో వంతుకు పడిపోతుంది, మూడు నాలుగు ఊపులకు చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. గుడి గంట అయితే వేల ఊపులు ఊగుతుంది. ప్రకృతిలో ఇంత చెడ్డ గంట ఇంకోటి దొరకదేమో.

బిందెలో బియ్యం గింజలు ఒకదానికొకటి రాసుకుని మోతను తినేస్తాయి. ఇక్కడ రాపిడి లేదు, గట్టుకు రెండు వైపులా జారిపోవడమే. వెనక్కి నెట్టడానికి హోరైజన్ దగ్గర ఏమీ లేదు, అటు పడింది అటే. అంత త్వరగా ఆగిపోవడమే అవతల హోరైజన్ ఉందనడానికి ఆనవాలు.

నిమ్మకాయ_సోడా · సోమవారం, రాత్రి 8:02

అందరూ ఇంత సీరియస్‌గా రాస్తున్నారు కాబట్టి నేనూ సీరియస్‌గానే అడుగుతా. మా వీధిలో మెట్రో పిల్లర్లకి డ్రిల్లింగ్ నడుస్తోంది. అల్మరాలో గ్లాసులు గలగలమంటున్నాయి. లైగోలో 4 కిలోమీటర్ల గొట్టం పొడవు ప్రోటాను వెడల్పులో నాలుగు వందలో వంతు మారితే కొలిచామంటే ఎలా నమ్మాలి? పక్క రోడ్డు మీద లారీ పోయి ఉండొచ్చుగా.

తరంగిణి · సోమవారం, రాత్రి 9:30

లారీలు పోతూనే ఉంటాయి, చెట్లు నరికినా తెలుస్తుంది, సముద్రం అలలూ తెలుస్తాయి. అందుకే ఆ గొట్టాల చివర ఉండే 40 కిలోల అద్దాన్ని సన్నటి గాజు దారాలతో, ఒక లోలకం కింద ఇంకో లోలకంగా నాలుగు అంతస్తులు వేలాడదీస్తారు. నేల ఊగినా కింది అద్దానికి చేరేలోపు ఆ ఊపు చచ్చిపోతుంది.

అది చాలదు కాబట్టి రెండు చోట్ల కట్టారు. అమెరికాలోనే లివింగ్‌స్టన్, హాన్‌ఫర్డ్, మధ్య 3,000 కిలోమీటర్లు. మన గడియారం ప్రకారం ఆ రోజు మధ్యాహ్నం 3:20కి లివింగ్‌స్టన్‌లో పడింది, 7 మిల్లీసెకన్ల తర్వాత హాన్‌ఫర్డ్‌లో. కాంతి వేగంతో ఆ దూరం దాటడానికి 10 మిల్లీసెకన్లు పడుతుంది, కాబట్టి 10 లోపు తేడాయే ఉండాలి. ఒకే లారీ రెండు చోట్లా 7 మిల్లీసెకన్లలో పోదు కదా.

ఇంకోటి, ఆకారం. 35 హెర్ట్జ్ దగ్గర మొదలై 0.2 సెకన్లలో 250కి లేచి, తోక ఊపి ఆగింది. ఐన్‌స్టయిన్ సమీకరణాలతో ముందే గీసిపెట్టుకున్న ఆకారాలను సంకేతం మీద జరుపుతూ ఏది అతుకుతుందో చూస్తారు. సంతలో తప్పిపోయిన పిల్లాడి ఏడుపు తల్లి చెవికి తెలిసినట్టు. ఈ పద్ధతిని గురుత్వ తరంగాలకు తగ్గట్టు మలచడంలో పుణెలో ధురంధర్, సత్యప్రకాశ్ గార్లు, ఆ ఆకారాలను గీసే లెక్కల్లో ఇక్కడే రామన్ సంస్థలో బాలా అయ్యర్ గారు, అందరూ లైగో ఇంకా కాగితం మీద ఉన్న రోజుల నుంచే పనిచేశారు. మనవాళ్లు చప్పట్లు కొట్టడానికి చివర్లో వెళ్లిన వాళ్లు కాదని మాత్రం చెప్పదలుచుకున్నా.

నిమ్మకాయ_సోడా · సోమవారం, రాత్రి 9:44

లారీ పాయింటు ఒప్పుకున్నా. డ్రిల్లింగ్ మాత్రం ఆగలేదు.

వేపచెట్టు (నిర్వాహకులు) · సోమవారం, రాత్రి 10:10

ఒక విన్నపం. "కృష్ణబిలం అనాలా బ్లాక్ హోల్ అనాలా" అని ఇద్దరు సభ్యులు నాకు విడిగా ఫిర్యాదు పంపారు. ఏదైనా వాడుకోండి. నా సొంత అభిప్రాయం: బిలం అనగానే మనకు కన్నం, కన్నం అనగానే మూత గుర్తొస్తుంది. చినబాబు గారి తప్పులో సగం ఈ పేరుదే.

చెన్నపట్నం_చినబాబు · మంగళవారం, రాత్రి 8:55

నా పరువు కాపాడినందుకు థాంక్స్ నిర్వాహకా 😄

ఇప్పుడు ఆ రెండో డౌటు. హోరైజన్ దగ్గర కాలం ఆగిపోతుంది, దూరం నుంచి చూసేవాళ్లకు పడేవాడు ఎప్పటికీ దాటినట్టు కనపడడు అంటారు. మా కోచింగ్ సారు కూడా ఇదే చెప్పి బోర్డు తుడిచేశాడు. మరి రెండు బ్లాక్ హోల్స్ కలవడం మాత్రం 0.2 సెకన్లలో ఎలా అయిపోయింది? మన లెక్క ప్రకారం అవి ఇప్పటికీ కలుస్తూనే ఉండాలి కదా?

పాతలెక్కల_మాస్టారు · మంగళవారం, రాత్రి 10:35

మంచి డౌటు. పాతకాలంలో వీటిని గడ్డకట్టిన నక్షత్రాలు అనడానికి కారణం ఇదే. సారు చెప్పింది అబద్ధం కాదు, సగంలో బోర్డు తుడిచేశాడు.

పడేవాడి చేతిలో టార్చి ఉందనుకో. హోరైజన్‌కు చేరువవుతున్న కొద్దీ ఆ వెలుగు మన దగ్గరికి వచ్చేసరికి సాగిపోతుంటుంది. ఎంత వేగంగా సాగుతుందన్నది అసలు ప్రశ్న. 62 సూర్యుళ్ల బిలానికి ప్రతి 1.2 మిల్లీసెకన్లకూ తరంగం పొడవు 2.7 రెట్లవుతుంది. చక్రవడ్డీ లాగా. పదో వంతు సెకనులో ఇలా 80కి పైగా సార్లు జరుగుతుంది. 2.7ని 82 సార్లు గుణించి చూడు, 1 పక్కన 35 సున్నాలు పెట్టినంత వస్తుంది. మామూలు వెలుగు తరంగం పొడవు మిల్లీమీటరులో రెండు వేలో వంతు. దాన్ని అన్ని రెట్లు సాగదీస్తే, మనకు కనిపించే విశ్వం మొత్తం కంటే పొడవైన తరంగం అవుతుంది. దాన్ని పట్టే యాంటెన్నా ఎవరు కడతారు, ఎక్కడ కడతారు?

"ఎప్పటికీ దాటడు" అన్నది కాగితం మీద నిజం. వాస్తవంలో రెప్పపాటు తిరగకముందే అక్కడ నల్లగా అయిపోతుంది. విలీనమూ అంతే. రెండు హోరైజన్‌లు కలిసే చోటు నుంచి మనకు సంకేతం ఏదీ రాదు. దాని బయట దేశకాలం ఒక్క గుండ్రటి ఆకారానికి సర్దుకోవడం మనకు వినిపిస్తుంది. ఆ సర్దుబాటు కొన్ని మిల్లీసెకన్లలో ముగుస్తుంది.

కొత్తావకాయ · మంగళవారం, రాత్రి 10:52

మరి ఆ టార్చి పట్టుకున్న మనిషి సంగతి ఎవరూ అడగరేమండీ? వాడికేమవుతుంది?

పాతలెక్కల_మాస్టారు · మంగళవారం, రాత్రి 11:08

హోరైజన్ దాటిన క్షణం వాడికి ప్రత్యేకంగా తెలియదమ్మా. ఇబ్బంది అంతా తలకూ కాళ్లకూ మధ్య లాగుడు తేడా వల్ల. 62 సూర్యుళ్ల బిలం దగ్గర అది భూమి ఆకర్షణకు నాలుగైదు లక్షల రెట్లు, కాబట్టి హోరైజన్ చేరకముందే మనిషి మనిషిగా ఉండడు. పాలపుంత నడిమధ్య ఉన్న 40 లక్షల సూర్యుళ్ల బిలం దగ్గర అదే తేడా భూమి ఆకర్షణలో పదివేలో వంతు. దాటాక కూడా కాసేపు కాఫీ తాగొచ్చు. బిలం పెద్దదయ్యే కొద్దీ గుమ్మం మెత్తనవుతుంది.

నిమ్మకాయ_సోడా · బుధవారం, ఉదయం 9:20

అదేదో ఎకోల గొడవ ఒకటి వచ్చిందిగా కొన్నేళ్ల కింద? హోరైజన్ అనేదే లేదు, అక్కడ గోడ లాంటిది ఏదో ఉంది, మోత దానికి తగిలి ప్రతిధ్వని వచ్చింది అని?

తరంగిణి · బుధవారం, మధ్యాహ్నం 1:15

వచ్చింది, 2016 చివర్లో. ఆలోచన మాత్రం చక్కటిది. గట్టుకు అవతల మడిలో నీళ్లు ఇంకిపోకుండా గోడ ఉంటే, అటు జారినది గోడకు తగిలి తిరిగొచ్చి మళ్లీ గట్టు దాటి మన వైపు పడాలి. అప్పుడు మోత ఆగిపోయాక కొంత విరామంతో చిన్న చిన్న మోతలు వరుసగా రావాలి. మొదట కొందరు లైగో డేటాలో కనిపించాయన్నారు. వేరే బృందాలు అదే డేటాను మళ్లీ జల్లెడ పడితే గట్టిగా నిలబడలేదు. తర్వాతి సంకేతాల్లోనూ నమ్మదగ్గ ఆధారం దొరకలేదు.

2025 సంకేతంలో దీనికంటే గట్టి పరీక్ష జరిగింది. 2015లో వినిపించినంత దూరంలోనే, అంతే బరువుల విలీనం, కానీ పదేళ్లలో లైగో చెవులు పదునెక్కాయి. ఈసారి మోతలో ఒక స్వరం కాదు, దాంతోపాటు ఇంకా త్వరగా చచ్చిపోయే రెండో స్వరం కూడా విడిగా తేలింది. తిరిగే బ్లాక్ హోల్‌ను బరువు, తిరుగుడు అనే రెండే అంకెలతో పూర్తిగా వర్ణించొచ్చని సిద్ధాంతం. మొదటి స్వరంతో ఆ రెండు అంకెలు తేలిపోతాయి, ఇక రెండో స్వరం ఎక్కడుండాలో సిద్ధాంతమే చెప్పేస్తుంది, దానికి తప్పించుకునే వీల్లేదు. అక్కడే ఉంది.

మృదంగం మీద నల్లటి కరణి పూయడం వల్ల దాని స్వరాలు ఎలా ఒకదానితో ఒకటి పొందికగా కుదురుతాయో రామన్ 1920లోనే నేచర్‌లో రాశారు. చర్మం ఏదో, కరణి ఎంతో స్వరాలు విని చెప్పొచ్చు. విశ్వేశ్వర గారు 1970లో అడిగింది అలాంటి ప్రశ్నే. 2016 ఫిబ్రవరి 11న లైగో ప్రకటన వచ్చేసరికి ఆయన ఉన్నారు, ఇక్కడే బెంగళూరులో. ఏడాది తిరక్కుండానే, 2017 జనవరిలో వెళ్లిపోయారు. తను లెక్కలో చూసిన తోకను 46 ఏళ్ల తర్వాత కొలతగా చూసుకున్నారు.

మారతహళ్లి_నాన్న · బుధవారం, రాత్రి 9:05

నాలుగు రోజుల్లో ఇంత రాసినారు, ఏం చెప్పాలో తెలియడంలేదు. ప్లానిటోరియం ఆయన కథ చెప్తే పాప "ఆదివారం మళ్లీ పోదాం" అంది. బిందె ప్రయోగం మా ఇంట్లోనూ అయింది. బియ్యం తిరిగి డబ్బాలో పోసేటప్పుడు సగం కింద పోసింది. వాళ్లమ్మ నన్ను తిట్టింది, కొత్తావకాయ గారిని కాదు, భయపడకండి.

ఒక సంగతి మాస్టారు గారితో. పాప మీ లెక్క నోటుబుక్కులో ఎక్కించుకుంది. 34, 32 వర్గాలు కూడి 110తో గుణిస్తే మీరన్నట్టే 2,40,000 వచ్చింది. తర్వాత 63 వర్గం 3,969, దాన్నీ 110తో గుణించింది. 4,36,590 వచ్చింది. "తాత 4,00,000 అన్నాడు కదా, 36 వేలు యాడికి పోయినాయి?" అంటోంది. గుండుగుత్తగా చెప్పింటారులే అంటే ఒప్పుకోవడంలేదు. కేరళ అంత తేడా అంట.

పాతలెక్కల_మాస్టారు · బుధవారం, రాత్రి 9:48

దొరికిపోయాను. నలభై ఏళ్ల సర్వీసులో బోర్డు మీద ఇలా పట్టుకున్న పిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే.

110 అనేది తిరగని బిలానికి మాత్రమే వర్తించే లెక్క. మొదటి రెండూ తమ చుట్టూ తాము అంతగా తిరగడం లేదు, కాబట్టి అక్కడ సరిపోయింది. కానీ అవి ఒకదాని చుట్టూ ఒకటి గిరగిరా తిరుగుతూ వచ్చి కలిశాయి కాబట్టి మిగిలినది గట్టిగా తిరుగుతోంది, గరిష్ఠ తిరుగుడులో 68 శాతం. అదే బరువుకు, తిరిగే బిలం హోరైజన్ చిన్నది. ఎంత చిన్నదంటే: 0.68ని వర్గం చేసి, 1లోంచి తీసేసి, వర్గమూలం తీసి, 1 కలిపి, 2తో భాగించమను. దాదాపు 0.87 రావాలి. దాంతో 4,36,590ని గుణిస్తే దాదాపు 3,80,000. బరువుల్లో కొలత తప్పులు కలుపుకుని సుమారు 4,00,000 అంటున్నారు. నేను ఆ రోజు తిరుగుడు సంగతి చెప్పకుండా దాటేశాను, పాప పట్టుకుంది.

ఎందుకు చిన్నదంటే, ఆ బరువులో కొంత భాగం తిరుగుడు శక్తిగా హోరైజన్‌కు బయట ఉంది. ఆదివారం నేను "బయటి ఖాతా" అన్నానే, దాంట్లోనే.

మారతహళ్లి_నాన్న · బుధవారం, రాత్రి 10:20

0.87 వచ్చింది మాస్టారూ. వర్గమూలం కాలిక్యులేటర్‌లో కొట్టింది, అది మాత్రం ఒప్పుకుంది.

ఇప్పుడు "బయట ఉంటే ఆ తిరిగే శక్తిని ఎవరన్నా తీసుకోవచ్చా?" అంటోంది. రేపు యూనిట్ టెస్టు ఉంది. లైటార్పేసినా.

తరంగిణి · బుధవారం, రాత్రి 10:24

తీసుకోవచ్చు! 1969లో పెన్‌రోజ్ చూపించాడు. లైటెయ్యండి.